ఓం రాసిన చేయి

నా బిడ్డ చేసిన శిష్యరికం నా బామ్మర్ది కొడుకు పేరున ఎక్కింది. ఇందులో తేల్చుకోవలసింది ఏమీ లేదు. పని చేసింది మహిత. సీఏ అయింది ఓంకార్.

ఆ సంగతి నాకు తెలిసిన తెల్లవారి రమాకాంత్ మిఠాయి డబ్బా పట్టుకొని మా గడప ఎక్కాడు.

వెనుక ఓంకార్ వాళ్ల నాయనమ్మను నడిపించుకొస్తున్నాడు. మా అత్త భద్రమ్మ. ఆమె చేతుల్లో స్టీలు పళ్లెం. అందులో పసుపు, కుంకుమ, మడత పెట్టిన జాకెట్ ముక్క. ఆ పళ్లెం ఎందుకు వచ్చిందో ఒకరు చెప్పనక్కర లేదు.

నేను మగ్గం మీద ఉన్నాను. దిగలేదు.

"బావా, జర మగ్గం ఆపు. మంచి ముచ్చట తెచ్చిన," అన్నాడు రమాకాంత్. చనిపోయిన నా భార్య ప్రేమలతకు తమ్ముడు. హనుమకొండలో సీఏ ఆఫీసు.

"నీ ముచ్చట నిన్ననే చూసిన. చౌరస్తల గోడంత కట్టినవు గద."

అది ఫ్లెక్సీ. ఓంకార్ కోటు వేసుకొని, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పేరుకు ముందు సీఏ అన్న అక్షరాలు మనిషి తలకాయ కన్నా పెద్దవి. కింద శుభాకాంక్షలు చెబుతున్న చుట్టాల బొమ్మలు వరుసగా ఉన్నాయి. అందులో నా బొమ్మ ఉంది. నన్ను అడగలేదు. ప్రేమలతతో కలిసి దిగిన ఫోటోలో నుంచి నన్ను కోసుకున్నారు. నా పక్కన ఆమె భుజం కొంచెం మిగిలింది.

ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇద్దరు పిల్లలూ సీఏలో నడిమి పరీక్ష ఒకేసారి పాసయ్యారు. ఇద్దరూ ఒకేసారి రమాకాంత్ దగ్గర చేరారు. వాడు చివరి పరీక్ష కూడా గట్టెక్కితే, నా బిడ్డ ఇంకా రాయనే లేదెందుకు?

ఇంటికొచ్చి అడిగాను. మహిత గోడ వైపు చూసింది. తరువాత చెప్పింది.

"నా పేరు ఎక్కలే బాపూ."

సీఏ చదివేవాళ్లు చివరి పరీక్ష రాయాలంటే ముందు ఒక సీఏ దగ్గర రెండేళ్లు పని నేర్చుకోవాలి. ఆర్టికల్‌షిప్ అంటారు. ఆ సీఏ వాళ్ల పేరు ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్కించాలి. పేరు ఎక్కకపోతే ఎంత చేసినా చేసినట్టు కాదు. ఆ రెండేళ్లూ ఓంకార్ హైదరాబాదులో కోచింగ్ గదిలో కూర్చొని చదువుకున్నాడు. ఆఫీసులో వాడి కుర్చీలో నా బిడ్డ కూర్చుంది.

ఇప్పుడు ఆ బిడ్డ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. వచ్చినవాళ్లకు నీళ్లు ఇచ్చింది. మర్యాద తప్పలేదు.

"కూసోండ్రి," అన్నాను. "కూసొని చెప్పు. ఎందుకు చేసినవు?"

రమాకాంత్ మిఠాయి డబ్బా మూత తీశాడు. మళ్లీ పెట్టాడు.

"బావా, నా దగ్గర అప్పుడు ఒక్కటే సీటు ఖాళీ ఉండె. ఒక సీఏ గింత మందినే పెట్టుకోవాలె అని రూల్ ఉంటది. ముందు ఓంకార్‌ది ఎక్కిచ్చిన. తర్వాత మహితది ఎక్కిద్దామనుకున్న."

"తర్వాత అంటే ఎన్నడు?"

"పని మీద పని వచ్చె. మర్చిపోయిన అనుకో."

"అనుకోను."

"ఇంటి పిల్లే గద బావా. పరాయిదా?"

ఇంటి పిల్ల. ఆ మాట ఆఫీసంతా అనేదట. ఇంటి పిల్ల ఉన్నది, చాయ్ పెడుతుంది. ఇంటి పిల్ల ఉన్నది, తాళం వేసి వస్తుంది. తొర్రూరులో పత్తి మిల్లు ఆడిట్ ఉంది, ఇంటి పిల్లను పంపు, బస్సులో పోయి వస్తుంది. పరాయి పిల్లలకు పేరు ఎక్కించాడు. వాళ్లకు పరీక్షల ముందు సెలవు ఇచ్చాడు. ఇంటి పిల్లకు ఆ రెండూ లేవు.

"పరాయిదైతేనే బాగుండు," అన్నాను. "పేరన్న ఎక్కేది."

"అట్లనకు బావా. మొగని పేరున ఉంటేంది, పెండ్లాం పేరున ఉంటేంది? రేపు ఇద్దరు ఒక్క బోర్డు కిందనే కూసుంటరు. ఇప్పుడు ఓంకార్ ఐండు. వాని సీటు ఖాళీ ఐంది. పెండ్లి కాంగనే మహిత పేరు ఎక్కిస్త. నేను ఎక్కడికి పోత?"

"పెండ్లి ఎవలు ఖాయం చేసిండ్రు?"

రమాకాంత్ వాళ్ల అమ్మ వైపు చూశాడు. భద్రమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకొని కుంకుమ భరిణె మూత సరిచేస్తున్నది. ఆమె తల ఎత్తలేదు.

ఓంకార్ ఫోన్ జేబులో పెట్టాడు.

"మామా, ఒక్క మాట. పరీక్ష నేను రాసిన. అందుల ఎవ్వలు సాయం చెయ్యలే. నేనే చదివిన, నేనే పాసైన."

"పరీక్ష నువ్వే రాసినవు. కాదన్ననా? ఆ పరీక్ష కుర్చీల కూసునే హక్కు ఎవలిచ్చిండ్రు నీకు?"

వాడు మహిత వైపు చూశాడు. మహిత వాడి వైపు చూడలేదు.

"రమాకాంత్," అన్నాను, "చేసిన పని ఎక్కడికి పోదు. కాగితాలుంటయి. నా బిడ్డ చేతిరాత ఉంటది. ఇన్‌స్టిట్యూట్ పెద్దోళ్లు వచ్చి అడిగితే అప్పుడు తెలుస్తది ఎవలు చేసిండ్రో."

రమాకాంత్ నవ్వాడు.

"చేతిరాత ఎవలు చూస్తరు బావా గీ కంప్యూటర్ల కాలంల? ఉన్న కాగితాలు నాలుగు. ప్రతి దాని నెత్తి మీద ఏమున్నది? ఓం. ఓం అంటే ఎవలు? ఓంకార్. అది నేను రాయలే. నీ బిడ్డనే రాసి పెట్టింది."

నవ్వు ఆపి మిఠాయి డబ్బా నా వైపు జరిపాడు.

ఆ ఓం మహితకు వాళ్ల అమ్మ నేర్పింది. పలక పట్టిన రోజున చేయి పట్టి దిద్దించింది. ఏది రాసినా ముందు పైన ఓం రాయాలి, తరువాతే కింద అక్షరం. బడి నోట్‌బుక్కులో రాసింది. పరీక్ష పేపర్లలో రాస్తే కొట్టేస్తారని చెప్పినా చిత్తు కాగితం మీద రాసుకొని పోయేది. ఆఫీసు కాగితం మీద కూడా అలాగే రాసింది. దేవుడి పేరు రాశాననుకుంది. రమాకాంత్ దాన్ని కొడుకు సంతకంగా చేసుకున్నాడు.

నేను మగ్గం దిగాను.

"కంప్లయింట్ ఇస్త," అన్నాను. "నీ ఇన్‌స్టిట్యూట్‌కే ఇస్త."

రమాకాంత్ డబ్బా మీద నుంచి చేయి తీశాడు.

"బావా, నా సర్టిఫికెట్ పోతది."

"పోవాలె."

"వాని పాసు కూడ పోతది."

"అది అసలే పోవాలె."

"మహితకు కూడ తగుల్తది. తెలిసే చేసింది ఆమె. ఆమె స్టూడెంట్ నంబర్ కూడ పోతది."

"నా బిడ్డకు ఏం మిగిల్చినవు పోనీకి?"

వీధిలో కూరగాయల బండి వాడి మైకు ఒక్కటే వినిపించింది. టమాటలు, బెండకాయలు, టమాటలు.

అప్పుడు భద్రమ్మ పళ్లెం కింద పెట్టింది.

"అల్లుడా, ఇగ ఆపు. రమాకాంత్‌ను అనకు. నా బిడ్డ చెప్పింది, వాడు చేసిండు."

"ఏ బిడ్డ?"

"నాకున్నది ఒక్కతే బిడ్డ."

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నిలబడ్డాను.

"ప్రేమలతనా?"

"ఆ. దవాఖానలనే చెప్పింది. తమ్మీ, ముందు ఓంకార్‌ది రాయించు, వాడు నిలబడాలె, మహిత ఎట్లనన్న నీ ఇంటికే వస్తది అన్నది. నీ కోడలి కోసం ఉన్న సీటు నీ కొడుక్కే ఇయ్యి అన్నది. వీడు వద్దక్కా అన్నడు. నా మీద ఒట్టు అని చెయ్యి పట్టుకున్నది. సచ్చేటి మనిషి చెయ్యి పట్టుకుంటే ఏం చేస్తరు?"

"నేనెక్కడున్న అప్పుడు?"

"నీకు చెప్పొద్దన్నది. నిన్ను కొబ్బరిబోండం తెమ్మని పంపింది."

ఆ కొబ్బరిబోండం నాకు గుర్తుంది. దవాఖాన ముందర దొరకలేదు. దూరం పోయి తెచ్చాను. స్ట్రా పెట్టి నోటి దగ్గర పట్టుకున్నాను. ఇప్పుడు వద్దంది. పక్కన పెట్టమంది. తాగలేదు.

"ఓంకార్‌కు పేరు పెట్టిందే ఆమె," భద్రమ్మ ఆగలేదు. "తొట్టెల్ల ఏసిన్నాడు మేనత్త చెవుల చెప్పాలె గద పేరు. అప్పటికి నీకు పిల్లలు లేకపాయె. నాకు ఆడపిల్ల పుడితే నీకే ఇస్తరా ఓంకార్ అని చెవుల చెప్పింది. అందరు నవ్విరి. నువ్వు ఆ పొద్దు రాకపోతివి. మా ఆయనతోని నీకు మాట లేకుండె అప్పుడు."

నేను మహిత వైపు తిరిగాను.

"మీ అమ్మ దవాఖానల అన్నప్పుడు నువ్వున్నవా?"

"ఉన్న బాపూ. అమ్మ కాళ్లు పిసుక్కుంట కూసున్న."

"అమ్మమ్మ చెప్పింది నిజమేనా?"

"నిజమే."

వంగి పళ్లెం తీసింది. వాళ్ల అమ్మమ్మ చేతుల్లో పెట్టింది.

"అమ్మమ్మా, జాకెట్ ముక్క రంగు మంచిగున్నది. ఎవలికన్న పెట్టు. నాకొద్దు."

"అట్లనొద్దు బిడ్డా, మీ అమ్మ మాట..."

"అమ్మ మాట రెండేండ్లు మోసిన. సాలు."

ఓంకార్ ఒక అడుగు ముందుకు వచ్చాడు. "మహితా, నేను అడిగిన్నా నిన్ను నా పని చెయ్యమని? ఒక్కనాడన్న అడిగిన్నా?"

"నువ్వు ఏదీ అడగలే బావా. నా పేరు ఎక్కిందా అని కూడ అడగలే."

వాడు తల దించుకున్నాడు. రమాకాంత్ మాత్రం ఇంకా బేరం వదల్లేదు. "బిడ్డా, కోపంల అంటానవు. రేప్పొద్దున్నే ఎక్కిస్త నీ పేరు. పెండ్లి సంగతి తర్వాత చూద్దాం. ఇంటి ముచ్చట బజార్ల పెట్టకుండ్రి."

"నాకు మట్టెవాడల సీఏ సబియా మేడమ్ దగ్గర సీటున్నది మామా. నిన్ననే ఫోన్ చేసిన."

రమాకాంత్ నన్ను చూశాడు. అది నాకు కూడా కొత్త మాటే. నేను మిఠాయి డబ్బా తీసి వాడి చేతిలో పెట్టాను. వాళ్లు వచ్చిన కారు పోయింది.

*

వంట అయింది. తినలేదు. మహిత కూడా తినలేదు. కంచాల మీద కంచాలు బోర్లించింది.

"మీ అమ్మ ఎందుకట్ల చేసింది?" అడిగాను.

"వదిలెయ్ బాపూ."

"అడుగుతాన గద."

"చెప్తే కోపం చేస్తవు."

"చెప్పకపోతే చెయ్యనా?"

మహిత కొంచెం నవ్వినట్టే నవ్వి ఆపుకుంది. వాళ్ల అమ్మ కూడా అలాగే ఆపుకొనేది. ఆ పోలిక ఆ రోజు నాకు నచ్చలేదు.

"అమ్మ ఏమన్నదో అదే చెప్తాన. నా మాట కలపను. మీ బాపు చెడ్డోడు కాదు, కని ఎవ్వలతోని కలిసి ఉండడు అన్నది. అన్నదమ్ములతోని మాట లేదు. నేత సంఘంల మాట లేదు. ఒక్క మాట తప్పైతే మనిషినే తీసేస్తడు. నేను పోయినంక నీకు ఈ ఇల్లు తప్ప ఏ ఇల్లు ఉండది. మామ ఇల్లు ఒక్కటన్న తెరిచి ఉంచుకో. దానికి ఏం ఇయ్యాల్నో అది ఇయ్యి అన్నది."

"అట్ల అన్నదా."

"అన్నది."

"నువ్వేమన్నవు?"

"సరే అన్న."

కిటికీలో నుంచి ఎండ పడుగు మీద పడింది. సగం నేసిన జంపఖానా. ఎర్ర పట్టీ ఎప్పుడో అయిపోయింది, నల్ల పట్టీ మొదలు పెట్టాల్సింది. అడ్డం పోగు నడిపే నాడెలో ఏ రంగు ఉందో చూసుకోకుండా పొద్దటి నుంచి ఎరుపే కొట్టాను. ఆ ముక్క విప్పాలి.

"సబియా మేడమ్ అప్పుడే పిలిచింది నన్ను," అంది మహిత. "మా నడిమి పరీక్ష రిజల్ట్ వచ్చిన వారమే. నేను రాను మేడమ్, మా మామ దగ్గర చేరుతాన అన్న. ఆమె ఏం అనలే. పేరు ఎక్కిందా అని మాత్రం అడిగేది ఎప్పుడు కలిసినా. ఎక్కుతది మేడమ్ అనేదాన్ని."

"నాకెందుకు చెప్పలే? నాకు. నేనేమైత నీకు?"

"నీకు చెప్తే మామ ఇల్లు ఆ పొద్దే మూతపడేది."

"ఇయ్యాల పడ్డది గద."

"ఔ బాపూ. ఇయ్యాల పడ్డది."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అనేవాణ్ని.

ముగ్గురు కలిశారు. తమ్ముడు, తల్లి, కూతురు. నడుమ ప్రేమలత. నేను కొబ్బరిబోండం తేవడానికి పోయాను. ఆ మాట చెప్పుకోవడానికి వాళ్లకు అంత సందు చాలింది.

"చెప్పులేసుకో," అన్నాను. "మేడమ్ దగ్గరికి పోదాం. కంప్లయింట్ ఎట్ల ఇయ్యాల్నో ఆమెనే చెప్తది."

"బాపూ, నేను పోయేది కంప్లయింట్ కోసం కాదు."

"నేను పోయేది దానికే."

*

సబియా ఆఫీసు మట్టెవాడలో గాజుల దుకాణం మీద ఉంది. మెట్లు ఇరుకు. పైన రెండు గదులు. ఆమె కూడా ఒకప్పుడు రమాకాంత్ దగ్గరే ఆర్టికల్‌షిప్ చేసింది. బుర్ఖా పిల్లకు ఆడిట్ ఏం వస్తుందని అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు చెప్పులు కింద విడిచి పైకి వస్తున్నారు.

"ఆవో రాజలింగన్నా. కూసోండ్రి. మహితా, ఫ్యాన్ పెంచు."

మహిత చెప్పవలసింది అంతా చెప్పింది. అమ్మ సంగతి చెప్పలేదు. సబియా మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ రెండేండ్లు వాపస్ రావు అన్నా. ముందే చెప్తాన. ఏ రూల్ కింద రావు. పేరు ఎక్కిన్నాటి నుంచే లెక్క."

"అది తెలిసింది మేడమ్. కంప్లయింట్ సంగతి చెప్పు."

"ఇయ్యొచ్చు. ఇస్తే ఊకోరు. రమాకాంత్ సార్‌ను పిలుస్తరు, ఓంకార్‌ను పిలుస్తరు. నిజం తేలితే ఇద్దరికీ కష్టమే."

"తేలుతది."

"ముందు మహితను పిలుస్తరు అన్నా. ఒక్కటే మాట అడుగుతరు. నీ పేరు ఎక్కలేదని నీకు తెలుసు, రెండేండ్లు వేరేవాని పని ఎందుకు చేసినవు, ఎందుకు ఊకున్నవు అని. దానికి జవాబు కావాలె. బెదిరిచ్చిండ్రా? మోసం చేసిండ్రా? లాలచ్ పెట్టి ఆశ చూపిండ్రా? ఏదో ఒకటి చెప్పాలె. చెప్పు బేటా, ఎందుకు ఊకున్నవు?"

మహిత నా వైపు చూసింది.

జవాబు మా ఇద్దరికీ తెలుసు. ఆ జవాబు ఒక గదిలో, బల్లకు అటు పక్క కూర్చున్న పరాయివాళ్లకు చెప్పాలి. మా అమ్మ చెప్పింది అని చెప్పాలి. మీ అమ్మ ఎందుకు చెప్పిందమ్మా అని వాళ్లు అడుగుతారు. మా బాపు ఎవ్వలతోనూ కలిసి ఉండడు కాబట్టి అని చెప్పాలి. వాళ్లు రాసుకుంటారు. రమాకాంత్ అటు కుర్చీలో కూర్చొని తల ఊపుతాడు.

"కారణం చెప్పకుండ కంప్లయింట్ ఉండదా?" అన్నాను.

"ఉండది అన్నా."

"వేరే కారణం చెప్తే?"

"అబద్ధం మీద కంప్లయింట్ ఇస్తే మొదలు పొయ్యేది ఈమెనే."

"వానికి మాత్రం ఆ సీఏ మిగలొద్దు మేడమ్. నా బిడ్డకు రాకపోయినా సరే. వానికి మిగలొద్దు."

"బాపూ," అంది మహిత. గొంతు పెంచలేదు. "వానిది పోతే నాకు ఏమొస్తది? నాది నాకు వస్తే సాలు. నువ్వు వాని కోసం వచ్చినవా, నా కోసం వచ్చినవా?"

కింద గాజుల దుకాణంలో ఎవరో ఆడవాళ్లు బేరం చేస్తున్నారు. సైజు చాలదు, చేతికి ఎక్కదు అంటున్నారు. సబ్బు పెడితే ఎక్కుతుందక్కా అంటున్నాడు దుకాణం అతను.

చివరికి నేనే లేచాను.

"కంప్లయింట్ లేదు," అన్నాను.

సబియా నన్ను చూసింది. "మాఫ్ చేసినవా అన్నా?"

"లేదు."

ఆమె కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

"మహితా, ఇటు రా. నా దగ్గర ఇంటి పిల్ల ఉండది. ఆర్టికల్ చేసే మనిషి ఉంటది. పొద్దున్నే రావాలె, పరీక్షకు సెలవు తీసుకోవాలె, నేను తప్పు చెప్తే తప్పు అనాలె. పేరు ఇయ్యాల్నే పంపుతాన. మంజూర్ ఐతే మెసేజ్ నీ ఫోన్‌కే వస్తది. చూసుకో. ఎవ్వల మాట నమ్మకు, నా మాట కూడ."

"మళ్లా మొదటి నుంచి," అన్నాను. "రెండేండ్లు."

"రెండేండ్లు ఎట్లైనా పోతయి బాపూ," అంది మహిత. "ఈసారి లెక్కకు పోతయి."

సబియా నవ్వింది. నేను నవ్వలేదు. మహిత పూర్తి పేరు చెబుతుంటే ఆమె టైపు చేసింది. తల్లి పేరు అని ఒక గడి వచ్చింది. మహిత చెప్పింది. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను.

లేచేముందు సబియా కొన్ని కాగితాలు ఇచ్చింది. ఒక చిన్న కంపెనీ లెక్కల చిత్తు.

"రేపటికి చూసుకొని రా. పైన ఏం రాసుకుంటవో నీ ఇష్టం. కింద మాత్రం నీ పేరు నిండుగ రాయి. పొట్టి అక్షరాలు వద్దు."

*

తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తా దాటాలి. వేరే దారి లేదు. ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటున్నది. పాన్‌డబ్బా నర్సయ్య కేక వేశాడు.

"ఏం రాజలింగన్నా! మేనల్లుడు సీఏ ఐండట! నీ బొమ్మ కూడ జబర్దస్త్ వచ్చింది. దావత్ ఎప్పుడు?"

నేను ఆగలేదు.

"అల్లున్ని చేసుకుంటానవట గద! గింత మంచి ముచ్చట, ముఖం గట్ల పెట్టుకుంటరా ఎవలన్న?"

మహిత వెనక్కి తిరిగి, "దావత్ నేనిస్త నర్సయ్య మామా, రెండేండ్లు ఆగు," అంది. అతనికి ఏం అర్థమైందో తెలియదు. మంచిది బిడ్డా అన్నాడు.

ఇంటికి వచ్చాం. గోడ మీద ప్రేమలత ఫోటో ఉంది. పూలదండ నిన్నటిది. రోజూ పొద్దున మార్చేది నేను. ఈ పొద్దు మార్చలేదు. అది ఎవరూ అడగలేదు.

మగ్గం ఎక్కి తప్పు నేసిన ఎర్ర ముక్క విప్పడం మొదలు పెట్టాను. విప్పడం నేసినంత సులువు కాదు. ఒక్కొక్క పోగు వెనక్కి లాగాలి. తెంపితే పడుగు పోతుంది.

మహిత చాప వేసుకొని మగ్గం పక్కనే కూర్చుంది. సబియా ఇచ్చిన కాగితాలు ముందర పెట్టుకుంది. ఒక తెల్ల కాగితం తీసింది. కలం మూత తీసింది.

చేయి కాగితం నెత్తి మీదికి పోయింది. అక్కడ ఆగింది.

రాయలేదు. తీయలేదు. కలం మొన కాగితానికి వెంట్రుకవాసి పైన నిలబడింది.

"బాపూ."

నేను పోగు లాగుతున్నాను.

"అమ్మ నాకు ఈ ఓం దేవుని కోసమే నేర్పింది గద?"

మగ్గం కట్టె నా చేతికి చల్లగా తగిలింది. ఆ రోజు పలక మీద రెండు చేతులు ఉన్నాయి. పెద్ద చేయి చిన్న చేయిని పట్టుకుంది. బలపం చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పెద్ద చేయి మనసులో ఏ పేరు ఉందో అడగడానికి ఆ మనిషి లేదు. ఉన్నా నన్ను కొబ్బరిబోండానికి పంపేది.

"చెప్పు బాపూ. దేవునికే గద?"

"ఆ మాట ఈ ఇంట్ల ఇదే ఆఖరు," అన్నాను. "మీ మామ సంగతి, మీ అమ్మ సంగతి, ఆ అక్షరం సంగతి. నువ్వు అడగొద్దు. నేను చెప్ప. ఇయ్యాలటి సంది ఆ ముచ్చట లేదు."

"నేను రాయాల్నా, వద్దా?"

నేను నాడెలో ఎరుపు తీసి నలుపు పెట్టాను. ఆమె కలం ఇంకా పైనే ఉంది. చివరికి రాసిందో, రాయలేదో నేను తల తిప్పి చూడలేదు.

ఇంతే. ఈ సంగతి మీద నేను మళ్లీ నోరు తెరవను.